మునిగిన ఓడ ఎవరిది? మోటుపల్లి శాసనం నుంచి విశాఖ జలాల దాకా

కాకతీయ గణపతిదేవ చక్రవర్తి శక సంవత్సరం 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో, మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ఒక పాత చిక్కు ప్రశ్నకు రాతపూర్వకంగా సమాధానం చెప్పింది. తుపానుకు చిక్కి, పగిలి, అనుకోని తీరానికి కొట్టుకువచ్చిన ఓడలోని సరుకు ఎవరికి చెందుతుందన్నది ఆ ప్రశ్న. పూర్వపు రాజులు అటువంటి ఓడల్లోని బంగారాన్ని, రత్నాలను, ఏనుగులను, గుర్రాలను బలవంతంగా స్వాధీనం చేసుకునేవారని ఆ శాసనం దాపరికం లేకుండా చెబుతుంది. ఇకమీదట నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా, ప్రాణాలకు తెగించి సముద్రం దాటివచ్చిన వర్తకులకే వదిలిపెడుతున్నామని, ఇది దయతోను, కీర్తి పుణ్యాల కోసమూ చేస్తున్న పని అని ప్రకటిస్తుంది. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకం ముప్పయ్యవ వంతుగా నిర్ణయమైంది. నేడు బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఉన్న మోటుపల్లిలో వీరభద్రాలయం వద్ద నిలిచిన ఈ శాసనాన్ని చరిత్రకారులు సాధారణంగా వాణిజ్య విధానానికి సాక్ష్యంగా చదువుతారు. అయితే అందులో అంతకంటే లోతైన న్యాయసూత్రం ఉంది. సముద్రం ఓడను ముంచినంత మాత్రాన యజమాని హక్కు మునిగిపోదన్నదే ఆ సూత్రం.

ఈ మాట సముద్రం కనిపించని కాకతీయ రాజధాని ఓరుగల్లు నుంచి వెలువడడం గమనించదగ్గది. నేటి వరంగల్ నగరం నుంచి మోటుపల్లి రేవు 250 కిలోమీటర్లకు పైగా దూరం. అయినా కర్పూరం, చందనం, పట్టు, దంతం, ముత్యాలు, పగడాలు, మిరియాలు, లోహాలు అన్నీ ఇటువంటి రేవుల మీదుగానే రాజధాని అంగళ్లకు చేరవలసి ఉండేవి. వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి తెచ్చే రైతు అక్కడ తన సరుకుకు భద్రత ఉంటేనే బండి కట్టినట్లు, దూరదేశపు వర్తకుడు కూడా ఒడ్డున తనను దోచుకోరన్న నమ్మకం ఉంటేనే ఓడను అటు మళ్లిస్తాడు. ఆ నమ్మకం ఫలించిందనడానికి ఆధారాలున్నాయి. పదమూడో శతాబ్ది చివర వెనిస్ యాత్రికుడు మార్కోపోలో ఈ రాజ్యాన్ని రేవు పేరుతోనే 'ముత్ఫిలి' అని పేర్కొన్నాడు. మోటుపల్లిలో చైనా పింగాణీ శకలాలు దొరికాయి. కాకతీయుల తరువాత 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే రేవులో మరో అభయశాసనం వేయించాడు.

నాటి ప్రపంచపు తీరుతో పోలిస్తే ఈ ఉదారత విలువ తెలుస్తుంది. కొట్టుకువచ్చిన ఓడను తీరప్రభువు సొత్తుగా లెక్కగట్టడం యూరపులోనూ, హిందూ మహాసముద్ర తీరాల్లోనూ చాలాచోట్ల వాడుకలో ఉండేది. 1442లో కళ్లికోటకు వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, గాలికి దారితప్పి వచ్చిన ఓడలను ఇతర రేవుల్లో దోచుకుంటారని, కళ్లికోటలో మాత్రం ఆ అన్యాయం లేదని ప్రత్యేకంగా రాశాడు. ఇంగ్లండులో మొదటి ఎడ్వర్డు కాలంలో, మోటుపల్లి శాసనం తరువాత ముప్పయ్యేళ్లకు, 1275లో చేసిన చట్టం ప్రకారం మునిగిన ఓడ నుంచి మనిషిగాని, కుక్కగాని, పిల్లిగాని ప్రాణాలతో బయటపడితే దానిని దిక్కులేని ఓడగా భావించకూడదు. సరుకును భద్రపరచి, ఏడాది మీద ఒక రోజు లోపల యజమాని వచ్చి రుజువు చూపితే అప్పగించాలి. ఆ ఏడాది గడువు వలసపాలన ద్వారా మన దేశానికీ వచ్చి, 1958 నాటి వర్తక నౌకాయాన చట్టంలో నిలిచింది. దాని ప్రకారం శిథిలనౌక వస్తువు దొరికినవారు కేంద్రప్రభుత్వం నియమించిన రిసీవర్ అనే అధికారికి దానిని అప్పగించవలసి ఉండేది. ఏడాదిలోగా హక్కుదారుడు రాకపోతే అది ప్రభుత్వపరమయ్యేది. పార్లమెంటు 2025లో ఆ పాత చట్టం స్థానంలో కొత్త నౌకాయాన చట్టం తెచ్చింది.

యజమాని బ్రతికి ఉండి, ఓడ ఒడ్డునే పడి ఉంటే ఈ నియమాలు సరిపోతాయి. ఓడ మునిగి వందేళ్లో మూడువందల ఏళ్లో గడిచి, అది ఇంకో దేశపు సముద్రంలో వేలాది అడుగుల లోతున ఉన్నప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది. అటువంటి శిథిలం మీద ఒకేసారి ఎందరో హక్కు చెప్పగలరు: ఓడ యజమాని వారసులు, సరుకు యజమానులు, నష్టపరిహారం చెల్లించిన బీమా సంస్థ, ఏ దేశపు జెండా కింద ఓడ నడిచిందో ఆ దేశం, ఏ దేశపు తీరంలో మునిగిందో ఆ దేశం, కష్టపడి వెలికితీసిన సంస్థ, చివరికి ఆ సంపద మొదట ఎక్కడి నేల నుంచి తరలిందో అక్కడి ప్రజలు. నౌకాన్యాయంలో వీరి తగాదాలు తీర్చడానికి ప్రధానంగా రెండు సూత్రాలున్నాయి. మొదటిది సాల్వేజ్, అంటే ఆపదలో ఉన్న ఓడనో సరుకునో రక్షించినవాడికి యజమాని తగిన పారితోషికం ఇవ్వాలన్న సూత్రం. ఇందులో వస్తువుపై హక్కు యజమానిదే, రక్షించినవాడికి దక్కేది ప్రతిఫలమే, అదీ పని ఫలిస్తేనే. రెండవది, యజమాని పూర్తిగా వదిలేసిన వస్తువు దొరికినవాడిదే అన్న సూత్రం. నిధివేట కంపెనీలు సహజంగానే రెండో సూత్రాన్ని ఆశ్రయిస్తాయి. ప్రభుత్వాలు తాము ఏనాడూ వదిలేయలేదని వాదిస్తాయి.

భారతదేశంతో నేరుగా ముడిపడిన రెండు కేసులు ఈ వ్యత్యాసాన్ని స్పష్టం చేస్తాయి. శరావతి నది మీది గేరుసొప్ప పేరు పెట్టుకున్న బ్రిటిష్ ఓడ 'గైర్‌సొప్పా' 1940 డిసెంబరులో కలకత్తా నుంచి వెండి, ఇనుము, తేయాకు ఎత్తుకుని బయలుదేరి, 1941 ఫిబ్రవరిలో ఐర్లండుకు నైరుతి దిశలో జర్మన్ జలాంతర్గామి దాడికి మునిగిపోయింది. యుద్ధకాలపు బీమా కింద బ్రిటిష్ ప్రభుత్వం నష్టపరిహారం చెల్లించడంతో ఆ వెండిపై హక్కు ఆ ప్రభుత్వానికి బదిలీ అయింది. కాబట్టి అమెరికాకు చెందిన ఒడిస్సీ కంపెనీ ముందుగానే ఆ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, విలువలో 80 శాతం తనకు వచ్చేలా, 2012, 2013 సంవత్సరాల్లో దాదాపు 4,700 మీటర్ల లోతు నుంచి వంద టన్నులకు మించిన వెండిని పైకి తెచ్చింది. కోర్టు గొడవ లేకుండా పని ముగిసింది. అది భారతదేశపు రేవు నుంచి తరలిన వెండి కదా, పంపకంలో ఈ దేశపు ప్రస్తావన ఎందుకు రాలేదని పాఠకుడికి అనిపించడం న్యాయమే. అయితే చట్టం చూసేది నష్టం ఎవరు భరించారన్నదే గాని, సంపద ఏ నేలది అన్నది కాదు.

రెండోది 'తిలావా'. బొంబాయి నుంచి ఆఫ్రికాకు బయలుదేరిన ఈ ప్రయాణికుల ఓడను 1942 నవంబరు 23న జపాను జలాంతర్గామి ముంచింది; 280 మంది చనిపోయారు, వారిలో ఎక్కువమంది భారతీయులు. ఓడలో దక్షిణాఫ్రికా ప్రభుత్వం నాణేల కోసం కొన్న 2,391 వెండి కడ్డీలున్నాయి. బ్రిటన్‌కు చెందిన ఆర్జెంటం కంపెనీ 2017లో రెండున్నర కిలోమీటర్ల లోతు నుంచి వాటిలో 2,364 కడ్డీలు తీసి, ఇంగ్లండుకు చేర్చి, సాల్వేజ్ పారితోషికం కోరింది. బ్రిటన్ సుప్రీంకోర్టు 2024 మేలో దక్షిణాఫ్రికాకు అనుకూలంగా తీర్పు చెప్పింది. ఒక సార్వభౌమ దేశపు సొత్తుపై మరో దేశపు కోర్టులో దావా నడవాలంటే ఆ సొత్తు వ్యాపార వినియోగంలో ఉండి తీరాలని, ఓడలో ఊరికే రవాణా అవుతున్న వెండి అటువంటిది కాదని తేల్చింది. కోట్ల రూపాయల ఖర్చుతో సముద్రపు అడుగు నుంచి సరుకు తేవడం ఒక ఎత్తు, దానికి ఫలం దక్కడం మరో ఎత్తు అని ఈ తీర్పు తేటతెల్లం చేసింది.

అమెరికా కోర్టుల్లో నడిచిన స్పెయిన్ కేసు ఇంకా ప్రసిద్ధం. 1804లో బ్రిటిష్ నౌకలతో పోరులో పేలి మునిగిన స్పెయిన్ యుద్ధనౌక 'మెర్సిడిస్' నుంచి 2007లో ఒడిస్సీ కంపెనీ 5,94,000 నాణేలు తీసి ఫ్లోరిడాకు తరలించగా, యుద్ధనౌక ఎన్నాళ్లు మునిగి ఉన్నా దానికి పతాక దేశపు రక్షణ పోదన్న కారణంతో కోర్టులు మొత్తాన్ని స్పెయిన్‌కు అప్పగించాయి. 2012 ఫిబ్రవరిలో నాణేలు విమానాల్లో మాడ్రిడ్‌కు చేరాయి. ఆ నాణేలు పెరూ వెండితో, అక్కడి టంకశాలలో తయారయ్యాయని పెరూ చేసిన వాదన నిలవలేదు. 1708లో కొలంబియా తీరంలో మునిగి, 2015లో బయటపడిన స్పెయిన్ ఓడ 'సాన్ హోసే' విషయంలోనూ కొలంబియా, స్పెయిన్, ఒక అమెరికన్ కంపెనీ, వెండి తవ్వినవారి వారసులైన బొలీవియా ఆదివాసులు తలోవైపు హక్కు చెబుతున్నారు. వలసపాలన అనుభవించిన జాతుల వాదన నేటి నౌకాన్యాయానికి వినిపించనంత సన్నగా ఉంది. ఈ లోపం సరిదిద్దవలసినదే.

ఈ లోపం మనకు ఎంత దగ్గరిదో 'ఇండస్' ఓడ చెబుతుంది. భారత పురావస్తు శాఖకు ఆద్యుడైన అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ 1885లో పదవీ విరమణ చేసి ఇంగ్లండుకు మరలినప్పుడు, ఆయన సేకరణలోని గాంధార శిల్పాలు మొదలైనవి ఎక్కించుకుని వెళ్లిన ఈ పీ అండ్ ఓ ఆవిరినౌక, ఆ ఏడాది నవంబరులో శ్రీలంక ఈశాన్య తీరాన ముల్లైత్తీవు వద్ద మిట్టకు తగిలి మునిగిపోయింది. ఓడ బ్రిటిష్ కంపెనీది. సరుకు ఒక వ్యక్తి సొంత సేకరణ. శిల్పాలు తవ్వితీసిన చోట్లలో కొన్ని నేటి పాకిస్తాన్‌లోవి. శిథిలం శ్రీలంక జలాల్లో ఉంది. ఆ శిల్పాలను వెలికితీయాలని భారతదేశం కోరుకుంటే, చట్టప్రకారం దానికున్న దారి కొలంబోతో చర్చలు మాత్రమే.

తీరం నుంచి దూరం పెరిగేకొద్దీ తీరదేశపు అధికారం ఎలా తగ్గుతుందో ఇక్కడ చెప్పుకోవాలి. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్రచట్ట ఒప్పందం ప్రకారం 12 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 22 కిలోమీటర్ల వరకు, ప్రాదేశిక జలాలు. అక్కడ తీరదేశానిదే పూర్తి సార్వభౌమాధికారం. 24 మైళ్ల వరకు పురావస్తువులను అనుమతి లేకుండా తీయడాన్ని అది అడ్డుకోవచ్చు. 200 మైళ్ల వరకు చేపలు, ఖనిజాలపై హక్కులున్నా, పాత ఓడలపై ఆ ఒప్పందం స్పష్టంగా ఏమీ చెప్పదు. ఈ ఖాళీని పూడ్చడానికి యునెస్కో 2001లో నీటి అడుగు సాంస్కృతిక సంపద రక్షణ ఒప్పందాన్ని రూపొందించింది. అది 2009లో అమలులోకి వచ్చింది. నూరేళ్లకు పైగా నీటిలో ఉన్న సాంస్కృతిక అవశేషాలను వ్యాపారం కోసం వెలికితీయకూడదని, వీలైనంతవరకు ఉన్నచోటనే కాపాడాలని దాని సారం. ఓడలూ రేవులూ ఎక్కువగా ఉన్న పలు పెద్ద దేశాలు దానికి దూరంగా ఉన్నాయి. భారతదేశం కూడా ఇంకా దానిలో చేరలేదు.

విదేశీ శిథిలం అన్న మాట తెలుగువారికి పరాయిది కాదు. విశాఖపట్నం రేవు ముంగిటే పాకిస్తాన్ జలాంతర్గామి 'ఘాజీ' పడి ఉంది. అమెరికా నౌకాదళంలో 'డయాబ్లో' పేరుతో పనిచేసి, 1964లో కౌలు ఒప్పందంపై పాకిస్తాన్‌కు చేరిన ఈ జలాంతర్గామి, విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుకుతూ వచ్చి, 1971 డిసెంబరు 3-4 తేదీల నడిరాత్రి 90 మందికి పైగా సిబ్బందితో మునిగిపోయింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ జారవిడిచిన లోతుబాంబులే కారణమని భారత నౌకాదళం చెబుతుండగా, ప్రమాదవశాత్తు జరిగిన పేలుడని పాకిస్తాన్ అంటుంది. శిథిలాన్ని తామే పైకి తీస్తామంటూ అమెరికా, సోవియట్ యూనియన్ రెండూ ముందుకు వచ్చినా భారతదేశం ఒప్పుకోలేదని నౌకాదళ వర్గాలు చెబుతూ వచ్చాయి. ఆ నిర్ణయం అన్నివిధాలా సరైనది. మునిగిన యుద్ధనౌక పతాక దేశపు సొత్తుగానే కొనసాగుతుంది. అది ఉన్న నీళ్లపై అధికారం తీరదేశానిది. లోపల ఉన్నవారికి అది సమాధి. శత్రువుల సమాధిని కూడా కదిలించకుండా ఉంచడం నావికులు పాటించే మర్యాద. 2024లో నౌకాదళపు లోతునీటి రక్షణ నౌక సాయంతో ఈ శిథిలాన్ని ఆధునిక పరికరాలతో గుర్తించారు. అదే సముద్రంలో 1944 ఫిబ్రవరి 11న భారతీయ నౌక జమునా, ఆస్ట్రేలియా నౌకలు ఇప్స్‌విచ్, లాన్సెస్టన్ కలిసి ముంచిన జపాను జలాంతర్గామి 'రో-110' కూడా ఉంది.

చట్టం చిక్కులు విడిపోయినా నీరు విడిచిపెట్టదు. లోతు ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. ఆ పీడనంలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలో కరిగిపోయి, డైవర్ తొందరపడి పైకి వస్తే సోడా సీసా మూత తీసినట్లు బుడగలుగా మారి, కీళ్లనూ మెదడునూ దెబ్బతీస్తుంది. అందువల్ల యాభై మీటర్లు దాటితే ప్రత్యేక వాయుమిశ్రమాలు, పీడన గదులు, మదర్‌షిప్ అవసరమవుతాయి. వందల మీటర్లు దాటితే మనిషి వెళ్లడమే తగదు, తీగతో నడిపే రోబో యంత్రాలు దింపాలి. బంగాళాఖాతంలో దీనికితోడు కృష్ణా గోదావరులు మోసుకొచ్చే ఒండ్రు వల్ల చేతిదూరం కూడా కనిపించని మసక, జూన్ నుంచి నైరుతి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు. సంవత్సరంలో పని జరిగేది కొద్ది నెలలే. వెచ్చని ఉప్పునీటిలో కలపను తొలిచే ఓడపురుగు, మట్టిలో కూరుకుపోని ఏ దూలాన్నీ మిగల్చదు. మన సముద్రంలో నావ ఆకారం చెక్కుచెదరకుండా దొరకడం అరుదు కావడానికి ఇది ముఖ్యకారణం.

పైకి తీసిన తరువాతి పని ఇంకా బరువైనది, అంతే నిర్లక్ష్యానికి గురయ్యేది. శతాబ్దాల పాటు నీటితో నిండిన కలప గాలి తగిలితే ముడుచుకుని పగిలిపోతుంది. ఇనుప ఫిరంగిలో ఇంకిన ఉప్పు ఆరేకొద్దీ దానిని పొరలుపొరలుగా రాల్చేస్తుంది. 1628లో మునిగి 1961లో పైకి వచ్చిన స్వీడన్ యుద్ధనౌక 'వాసా' కలపపై పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే మైనం వంటి ద్రవాన్ని 17 ఏళ్లు చిమ్మారు. చైనా అయితే గణపతిదేవుని కాలానికి కొద్దిగా ముందున్న సోంగ్ వంశపు వర్తకనౌక 'నాన్‌హాయ్-1'ను 2007లో చుట్టూ ఉన్న మట్టితో సహా ఒక ఉక్కుపెట్టెలో ఎత్తి, మ్యూజియంలో కట్టిన నీటిగదిలోకి చేర్చి, అక్కడ ఏళ్ల తరబడి తవ్వింది. లక్షా ఎనభై వేలకు పైగా వస్తువులు దొరికాయి. దీనికి పూర్తి వ్యతిరేకం ఇండోనేషియాలోని బెలితుంగ్ ఉదంతం. 1998లో దొరికిన తొమ్మిదో శతాబ్ది అరబ్బు ఓడ నుంచి సుమారు 60,000 చైనా పాత్రలను ఒక వ్యాపార సంస్థ తీసింది. వాటిని సింగపూర్ సుమారు 3.2 కోట్ల డాలర్లకు కొన్నది. పాత్రలు ముక్కలు కాకుండా ఒకేచోట మిగిలాయి గాని, ఏ పాత్ర ఓడలో ఎక్కడ ఉందో తెలిపే ఆధారాలు శాస్త్రీయంగా నమోదు కాలేదన్న విమర్శతో అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ 2011లో ఆ ప్రదర్శనను విరమించుకున్నది. వస్తువు ఎంత విలువైనదైనా అది ఉన్న స్థానం తెలియకపోతే చరిత్రకు దానివల్ల దక్కేది సగమే. చట్టాన్నీ శాస్త్రాన్నీ పట్టించుకోనివారి చేతిలో జరిగేది ఇంకా ఘోరం. జావా సముద్రంలో 1942లో మునిగిన డచ్ యుద్ధనౌకలు 'డి రాయ్‌టర్', 'జావా' 2016లో పరిశీలించేసరికి కనిపించలేదు. తుక్కు ఇనుము కోసం దొంగలు వాటిని నావికుల సమాధులతో సహా ఎత్తుకుపోయారు.

తెలుగు తీరపు లెక్క ఇంకా తెరవనే లేదు. దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం, కోరంగి, మచిలీపట్నం, భీమునిపట్నం వంటి రేవులు, డచ్చి, ఇంగ్లీషు, ఫ్రెంచి వర్తకుల రాకపోకలు, కోరంగిని 1839 నవంబరులోనూ మచిలీపట్నాన్ని 1864 నవంబరు 1నా వేలాది ప్రాణాలతో సహా తుడిచిపెట్టిన తుపాన్లు, ఇవన్నీ కలిస్తే ఈ జలాల అడుగున ఎన్ని ఓడలు ఉండి ఉంటాయో ఊహించవచ్చు. భారత పురావస్తు శాఖలో నీటి అడుగు విభాగం 2001లో ఏర్పడింది, గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ కొంకణ తీరంలో కొన్ని శిథిలాలను అధ్యయనం చేసింది; తెలుగు తీరం వంతు ఇంకా రావలసి ఉంది. హైదరాబాదులోని అప్పటి ఉమ్మడి హైకోర్టుకు 2017 నౌకాన్యాయ చట్టం నౌకావ్యాజ్యాల అధికారాన్ని ఇచ్చింది, కాబట్టి తగాదా వస్తే వినే కోర్టులకు లోటు లేదు; కాపాడవలసిన శిథిలాల జాబితాయే లేదు.

ఇంకొక ఖాళీ ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టానికీ, యునెస్కో ఒప్పందానికీ కూడా నూరేళ్ల వయసే కొలమానం. అందువల్ల రెండో ప్రపంచయుద్ధపు శిథిలాలు చరిత్రలో భాగమైనా చట్టం దృష్టిలో ఇంకా పురావస్తువులు కావు. వాటిని కాపాడుతున్నవి పతాక దేశపు హక్కు, నౌకాదళపు కాపలా, లోతు మాత్రమే. ఆంధ్రప్రదేశ్ పురావస్తు శాఖ, నౌకాదళం, విశ్వవిద్యాలయాలు కలిసి మోటుపల్లి మొదలు భీమునిపట్నం దాకా సముద్రపు అడుగును సోనార్‌తో పరిశీలించాలి. వలలు ఎక్కడెక్కడ చిక్కుకుంటాయో, గాలం ఎక్కడ తెగుతుందో మత్స్యకారులకు తరతరాలుగా తెలుసు. ఆ ఎరుకను వారి పేరుతోనే నమోదు చేయాలి. వలలో దొరికిన గంట, నాణెం, కుండ తుక్కు దుకాణానికి చేరకుండా అధికారులకు అందితే, ఇచ్చినవారికి పారితోషికం ఆలస్యం లేకుండా దక్కాలి. కేంద్రం యునెస్కో ఒప్పందంలో చేరడానికి ఇదే తగిన సమయం. విశాఖ సముద్రంలోని రో-110కు నూరేళ్లు నిండేది 2044లో. అప్పటిదాకా ఆగకుండా ఈ పని మొదలు కావాలి.